ముగుస్తుందా, ముగిస్తుందా, ముగింపజేస్తుందా?

సందేహం: ప్రొద్దుటూరులో జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెబుతున్నాను. తెలుగు మీడియం పిల్లల కోసం నోట్సు రాస్తూ, "రో అనేది జన్యు అనులేఖనాన్ని ముగిసే రీకాంబినెంట్ బాక్టీరియా ప్రోటీన్" అని రాశాను (అనులేఖనం అంటే డీఎన్‌ఏలోని సమాచారాన్ని ఆర్‌ఎన్‌ఏగా నకలు చేయడం, ట్రాన్‌స్క్రిప్షన్). మా తెలుగు సారు చూసి 'ముగిసే' తప్పు, 'ముగింపజేసే' అనాలన్నారు. ఇంకొకరు ఇంత గొడవెందుకు, 'ఆపే' అంటే సరిపోతుంది కదా అన్నారు. పైగా 'రీకాంబినెంట్' బదులు పునఃసంయోజక అని రాయాలా, పునస్సంయోజక అని రాయాలా అన్నది ఇంకో టెన్షన్. ఏది రాయమంటారు?

సమాధానం: 'ముగించే' అని రాయండమ్మా. మీ తెలుగు సారు తప్పును సరిగ్గానే పట్టుకున్నారు, కానీ దిద్దుబాటు ఒక మెట్టు ఎక్కువైంది.

ముగియు అకర్మక క్రియ. అంటే పని దానంతట అది జరిగిపోతుంది, దేన్ని అన్న ప్రశ్నకు చోటుండదు. మీరు 'అనులేఖనాన్ని' అని ద్వితీయ పెట్టేశారు కాబట్టి ఆ పక్కన 'ముగిసే' నిలవదు. 'అనులేఖనం ముగిసే చోటు' అనవచ్చు, 'అనులేఖనాన్ని ముగించే ప్రోటీన్' అనవచ్చు, ఈ రెండింటినీ కలిపితేనే చిక్కు. ఈ చిక్కులో చదువుకున్నవాళ్లు కూడా పడుతున్నారు, దానికి కారణం మన క్రియారూపాల్లోనే ఉంది. తెలిసింది–తెలుస్తుంది, కురిసింది–కురుస్తుంది, మెరిసింది–మెరుస్తుంది: ఈ వరుసలో జరిగిపోయినదానికి ఇకారం వస్తుంది, జరగబోయేదానికి ఉకారం వస్తుంది. ముగియు కూడా ఇదే వరుసలోది, ముగిసింది–ముగుస్తుంది. ముగించు వేరే వరుస, ముగించింది–ముగిస్తుంది. చూడండి, 'గి' అక్షరం భూతకాలంలో అకర్మకానికీ వస్తుంది, వర్తమానంలో సకర్మకానికీ వస్తుంది. 'ముగిసింది' అని అలవాటైన చెయ్యి 'సభ ఐదు గంటలకు ముగిస్తుంది' అని రాసేస్తుంది. సభ ముగుస్తుంది, అధ్యక్షులు సభను ముగిస్తారు. ఒక్క కొమ్ము, ఒక్క గుడి తేడాతో కర్త మారిపోతాడు.

మాట్లాడేటప్పుడు ఈ తేడా ఎవరికీ తప్పిపోదు. మా అనంతపురం వైపు తుంగభద్ర ఎగువ కాలువ కింద సేద్యం చేసే ఏ రైతునైనా అడగండి. "హెచ్చెల్సీలో నీళ్లు ఆగినాయి" అన్నాడంటే ఎక్కడో గండి పడిందో, పూడిక అడ్డమొచ్చిందో అయ్యుంటుంది. "నీళ్లు ఆపినారు" అన్నాడంటే ఎవరో గేటు దించినారని అర్థం, వినేవాళ్లు వెంటనే "ఎవరు?" అని అడుగుతారు. ఆగు–ఆపు, తెగు–తెంచు, దిగు–దించు, మునుగు–ముంచు, తడియు–తడుపు, నిలుచు–నిలుపు... ఇన్ని జంటలు మన నోట్లో రోజూ ఆడుతుంటే, సైన్సు నోట్సు దగ్గరికి వచ్చేసరికి వాటిని వదిలేయడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఎందుకంటే మీ పాఠానికి ఈ జంటలే ప్రాణం.

ఎలాగో చెప్తాను. బాక్టీరియాలో అనులేఖనం పూర్తయ్యే దారులు రెండు. మొదటిదాంట్లో, తయారవుతున్న ఆర్‌ఎన్‌ఏ చివర జీ, సీ అనే బేస్‌లు ఎక్కువగా ఉన్న ముక్క తన మీదికి తానే మడతపడి హెయిర్‌పిన్‌లా అవుతుంది, దాని వెనకే వరుసగా యూ అనే బేస్‌లు వస్తాయి, డీఎన్‌ఏతో ఆ యూల పట్టు బలహీనం కాబట్టి ఆర్‌ఎన్‌ఏ ఊడి వచ్చేస్తుంది. ఇక్కడ రోతో పని లేదు. అనులేఖనం ముగుస్తుంది. రెండోదాంట్లో రో కావాలి. ఇది ఆరు ఉపభాగాలు ఉంగరంలా చేరిన ప్రోటీన్, ఈ.కోలై అనే బాక్టీరియాలో ఒక్కో ఉపభాగంలో 419 ఎమినో ఆమ్లాలుంటాయి. సీలు ఎక్కువగా, జీలు తక్కువగా ఉన్న చోట ఆర్‌ఎన్‌ఏను పట్టుకుంటుంది, ఆర్‌ఎన్‌ఏ ఆ ఉంగరం నడిమధ్యలోకి చేరుతుంది, కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుపెడుతూ దాన్ని లాగుతుంది, చివరికి ఆర్‌ఎన్‌ఏను దాన్ని తయారుచేసే పాలిమరేజ్ అనే ఎంజైమ్ నుంచి విడదీస్తుంది. ఇక్కడ రో అనులేఖనాన్ని ముగిస్తుంది. మొదటిది ముగియడం, రెండోది ముగించడం. పిల్లవాడు ఈ రెండు క్రియల తేడా పట్టుకుంటే రెండు దారుల తేడా సగం వచ్చేసినట్టే. మీరు 'ముగిసే' అని రాస్తే ఆ సగం పోతుంది.

ఇంకో సంగతి కూడా మీ నోట్సుకు పనికొస్తుంది. పాఠ్యపుస్తకాల్లో రో ఆర్‌ఎన్‌ఏ వెంబడి పరుగెత్తి పాలిమరేజ్‌ను వెంటాడి పట్టుకుంటుందని ఉంటుంది. 2021లో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో తీసిన నిర్మాణాలు మరోలా చెప్పాయి, రో ముందే పాలిమరేజ్ మీదికి చేరి దాన్ని లోపలినుంచి పనిచేయకుండా చేస్తుందని. కాబట్టి 'వెంటాడి' అనే మాట మీద మరీ ఆధారపడకండి. 'ముగిస్తుంది' మాత్రం రెండు కథల్లోనూ నిజమే.

ఇప్పుడు 'ఆపే' సంగతి. వ్యాకరణం ప్రకారం తప్పేం లేదు, ఆపు సకర్మకమే. కానీ ఇక్కడ వద్దంటాను. ఆగినది మళ్లీ కదలవచ్చు. కాలువలో నీళ్లు ఆగినాయంటే రేపు రావచ్చు, మన వంతు ముగిసిందంటే ఇక ఈ తడికి రావు. పాలిమరేజ్ కూడా డీఎన్‌ఏ మీద పోతూ పోతూ మధ్యలో ఆగుతుంది, కాసేపటికి మళ్లీ కదులుతుంది. అలా ఆగిన చోట్లే రోకు అదను దొరుకుతుంది. ఆగడం వేరు, ముగియడం వేరు అని పాఠంలోనే ఉన్నప్పుడు రెండింటికీ ఒకే క్రియ వాడితే పిల్లలు తికమకపడతారు. కాసేపటి నిలుపుదలకు ఆగు, చివరికి ముగియు అని నోట్సు మొత్తం ఒకే పద్ధతి పాటించండి. రో పని చెడగొట్టే యాంటీబయాటిక్‌కు మాత్రం 'ఆపు' బాగా కుదురుతుంది: బైసైక్లోమైసిన్ రోను ఆపుతుంది, అప్పుడు రో ముగించాల్సిన చోట అనులేఖనం ముగియదు. ఈ వాక్యం బోర్డు మీద రాసి ఎవరు ఎవర్ని ఏం చేస్తున్నారో పిల్లల చేత చెప్పించండి.

ఇక 'ముగింపజేసే'. ముగించులోనే సకర్మకత ఉంది. దానికి మళ్లీ 'చేయు' తగిలిస్తే పని వేరేవాళ్లు చేశారు, వీళ్లు చేయించారు అని వస్తుంది. 'గోడ కట్టాడు', 'గోడ కట్టించాడు' లాగే. రో పనిని ఎవరి చేతా చేయించడం లేదు, తానే చేస్తోంది. నస్‌జీ అనే ఇంకో ప్రోటీన్ రోకు తోడ్పడుతుంది, అక్కడ కూడా 'తోడ్పడుతుంది' చాలు. దీనికి ఎదురుగా, బాక్టీరియాకు సోకే లాంబ్డా వైరస్‌కు చెందిన ఎన్ ప్రోటీన్ ఉంది, అది ముగింపు చోట్లు దాటుకుని పాలిమరేజ్ ముందుకు పోయేలా చేస్తుంది. దానికి నేనైతే 'ముగియనివ్వదు' అని రాస్తాను. ముగుస్తుంది, ముగిస్తుంది, ముగియనివ్వదు: ఒకే ధాతువు మీద మూడు పనులు, మూడూ అచ్చంగా మన ఇళ్లలో మాట్లాడే తెలుగు.

మీరు ఉన్నది కడప జిల్లా. తెలుగు నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద వచ్చిన ఊరు కడప, ఆయన పేరు మీద గ్రంథాలయం కూడా అక్కడే ఉంది. క్రియల దగ్గర అనుమానం వస్తే ఆయన నిఘంటువు తిరగేయండి, క్రియ పక్కన అకర్మకమో సకర్మకమో గుర్తు వేసి ఉంటుంది. సైన్సు చెప్పేవాళ్లకు ఆ గుర్తు చాలా అక్కరకొస్తుంది.

పునఃసంయోజక, పునస్సంయోజక రెండూ సరైనవే. సకారం ముందు విసర్గ అలాగే ఉండవచ్చు, సకారంగానూ మారవచ్చు, పాణిని 'వా శరి' అని వికల్పం ఇచ్చాడు. దాని గురించి టెన్షన్ వద్దు. నా అభ్యంతరం వేరే చోట ఉంది. చివర 'క' చేరితే చేసేవాడు అని అర్థం వస్తుంది, బోధకుడు, పాలకుడు లాగా. పునఃసంయోజక ప్రోటీన్ అంటే పునఃసంయోజనం చేసే ప్రోటీన్ అనుకోవచ్చు, అలాంటిది ఈ.కోలైలో నిజంగానే ఉంది, రెక్‌ఏ అని. రో అది కాదు. రీకాంబినెంట్ అన్న విశేషణం రో స్వభావం గురించి ఏమీ చెప్పదు, దాన్ని తయారుచేసిన పద్ధతి గురించే చెబుతుంది: రో జన్యువును ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయంలో పెట్టి, ఈ.కోలైలోకి ఎక్కించి, ప్రోటీన్‌ను ఎక్కువెక్కువగా చేయించుకుని, శుద్ధి చేసుకోవడం. (ఇక్కడ 'చేయించుకుని' సరిగ్గా సరిపోయింది చూశారా, పని బాక్టీరియాది, చేయించేది మనం.) 1969లో జెఫ్రీ రాబర్ట్స్ రోను కనిపెట్టేనాటికి రీకాంబినెంట్ డీఎన్‌ఏ పద్ధతులే లేవు, అవి 1970ల్లో వచ్చాయి. ఆయన మామూలు ఈ.కోలై కణాల నుంచే దాన్ని వేరుచేశాడు. లాంబ్డా డీఎన్‌ఏ మీద పరీక్షనాళికలో అనులేఖనం జరిపిస్తే, రో కలిపినప్పుడు ఆర్‌ఎన్‌ఏలు పొట్టిగా వచ్చాయి. ఇప్పుడు రీకాంబినెంట్ రో చేసే పనీ అదే.

పైగా తెలుగులో విశేషణం పక్కనున్న నామానికి అతుక్కుంటుంది. మీరు 'రీకాంబినెంట్ బాక్టీరియా ప్రోటీన్' అంటే రీకాంబినెంట్ అయింది బాక్టీరియానా, ప్రోటీనా అని పిల్లలకు అనుమానం వస్తుంది. కాస్త పొడుగైనా విడదీసి రాయండి. నేనైతే ఇలా రాస్తాను:

"బాక్టీరియాలో అనులేఖనం కొన్ని చోట్ల దానంతట అదే ముగుస్తుంది, కొన్ని చోట్ల రో అనే ప్రోటీన్ దాన్ని ముగిస్తుంది. ప్రయోగాలకు వాడే రోను సాధారణంగా రీకాంబినెంట్ పద్ధతిలో ఈ.కోలైలో తయారుచేస్తారు."

ఒక వాక్యం రెండైంది, ఫర్వాలేదు. మీ తెలుగు సారుకు కూడా చూపించండి, ఆయనకు ఇంకా ఏదైనా అభ్యంతరం ఉంటే నేరుగా నాకే రాయమనండి.