పాప గొడుగు, పౌండ్ల లెక్క

మీ పాపకి రెండున్నరేళ్లు, మాంచెస్టర్ వచ్చి మూడు నెలలే, అప్పుడే రెండు గొడుగులు విరిగాయన్నారు. మనవాళ్లం ఏది కొన్నా పౌండ్ల ధరని నూటికి పైన గుణించి రూపాయల్లో చూసుకుంటాం కాబట్టి ఆ బాధ తెలియనిది కాదు. కాకపోతే ఆ డబ్బు పాప అల్లరికి పోలేదమ్మా, కొన్న తీరుకి పోయింది.

ఇక్కడి వాన మన శ్రావణమాసపు వానలా నిలువుగా కురవదు. సన్నగా, గాలితో కలిసి పక్కనుంచి కొడుతుంది. గొడుగు మూడడుగుల పిల్లకి తలా భుజాలూ కాస్తుందేమో గానీ నడుము కింద అంతా తడుస్తుంది. ఒళ్లు తడవకుండా కాపాడేవి పడుల్ సూటూ (ఒంటినిండా కప్పే, నీళ్లు దిగని తొడుగు), వెల్లీ బూట్లూ (పొడుగు రబ్బరు బూట్లు). డబ్బు ముందు అక్కడ పెట్టండి. పిల్లల బట్టలకీ బూట్లకీ ఇక్కడ వ్యాట్ లేదు. వాడిన వస్తువులు అమ్మే ఛారిటీ షాపుల్లో వెతికితే పెద్దగా అరగని సూట్లు చవగ్గా దొరుకుతాయి, పిల్లలు ఏడాదికే వాటిలోంచి ఎదిగిపోతారు మరి. గొడుగేమో చేతులకి పని నేర్పే ఆటవస్తువు. నర్సరీ లోపలికి దాన్ని రానిస్తారో లేదో వాళ్లనే అడగండి.

మనవాళ్లు మొదట చేసే తప్పు, ఇండియా నుంచి తెచ్చుకున్న మూడు మడతల బటన్ గొడుగు పిల్ల చేతికివ్వడం. దాని కాడలో గట్టి స్ప్రింగు ఉంటుంది. మూసేటప్పుడు సగంలో చెయ్యి జారితే పిడి ఎగిరొచ్చి ముఖానికి తగులుతుంది. ఇంతకంటే ఎక్కువమంది చేసే తప్పు, 'పెద్దయ్యాక కూడా పనికొస్తుంది' అని పెద్ద సైజు కొనడం. పొదుపు అనుకుంటాం, నష్టమే. కాడ పొడుగైతే, దాని మీద జారుతూ గొడుగుని తెరిచే గొట్టాన్ని పైదాకా తొయ్యడానికి పిల్ల చెయ్యి అందదు. అప్పుడు పిడిని పొట్టకి ఆనించుకుని వంకరగా తోస్తుంది, ఒక పక్క ఊచలు వంగుతాయి. నాలుగు రోజులకి అవే విరుగుతాయి. మీవి రెండూ ఇలాగే పోయుంటాయి.

కొనాల్సింది కాడ ఒకటే ముక్కగా, బటన్ లేకుండా ఉన్నది. నిలబెడితే పాప నడుము దాటకూడదు, అంటే 55 సెంటీమీటర్ల దగ్గర. గోపురంలా కిందికి దిగే పారదర్శకమైనదైతే మేలు, పిల్లలు గొడుగుని తలమీదికి దించేసుకున్నా దారి కనిపిస్తుంది. ఊచల కొసలకి గుండ్రటి బుడిపెలు గట్టిగా అతుక్కుని ఉన్నాయా అని లాగి చూడండి. షాపులోనే మూడుసార్లు తెరిచి మూసి, గొట్టం దగ్గర మీ చిటికెనవేలు పెట్టి చూడండి. మీ వేలు నలిగితే పాపదీ నలుగుతుంది.

ఇక గొడుగు పట్టడం నేర్పే ఆట. మొదటి వారం గొడుగు చేతికివ్వకండి. తెరిచి నేలమీద పెట్టి దాని కింద బొమ్మనో, పాపనో కూర్చోబెట్టి పుట్టగొడుగు ఆట ఆడించండి. ఇంట్లో గొడుగు విప్పితే అరిష్టమని వీడియో కాల్లో అమ్మమ్మ అంటే, ఇక్కడి తెల్లవాళ్లకీ అదే నమ్మకముందని చెప్పండి, నవ్వుకుంటారు.

రెండో వారం స్నానాలగదిలోకి మార్చండి. అడుగున జారని చాప పరిచి, ఖాళీ టబ్బులో పాపని నిలబెట్టి, తెరిచిన గొడుగు రెండు చేతులా పట్టించి, పైనుంచి మగ్గుతో సగం మగ్గు గోరువెచ్చని నీళ్లు సన్నగా పొయ్యండి. టపటపమని చప్పుడవుతుంది, అదే సరదా. వెనక్కి వాలిస్తే కడుపు మీద పడతాయి, ముందుకి వాలిస్తే వీపు మీద. 'నిటారుగా పట్టుకో' అని అరవక్కర్లేదు, నాలుగు మగ్గులకి తనే సరిచేసుకుంటుంది. ఏడిస్తే ఆపేసి మర్నాడు చూడండి. రోజుకి ఐదు నిమిషాలు చాలు.

తెరవడం తర్వాత. పిడి మీద ఒకటి, గొట్టం అంచు మీద ఒకటి ఎర్ర స్టిక్కర్లు అంటించి 'చేతులు రెండూ ఎర్రమ్మల దగ్గరే' అనండి. పిడి మీరు పట్టుకోండి, గొట్టం తను 'టిక్' అనేదాకా తొయ్యాలి. టిక్ వినకుండా వదిలేస్తే గొడుగు నెత్తిమీదికి జారుతుంది, కాబట్టి ఆ చప్పుడు ఎవరు ముందు వింటారన్నది పందెం పెట్టండి. మూయడం కష్టం. చిన్న రేకుమీటని బొటనవేలితో లోపలికి నొక్కాలి, మూడేళ్లలోపు చాలామందికి వేలిలో అంత బలముండదు. మీట మీరు నొక్కి, గొట్టం తనని లాగనివ్వండి. చివర చుట్టే పట్టీ మాత్రం మొదటి రోజు నుంచీ పాప పనే.

గాలి ఆటకి పెద్ద అట్టముక్క చాలు. మీరు విసురుతుంటే పాప గొడుగు పైభాగాన్ని గాలివైపు తిప్పాలి. అయినా లాక్కుపోతుంటే 'వదిలెయ్' అంటారు, వెంటనే వదిలెయ్యాలి. ఇది పదేపదే ఆడించండి. మన ఇళ్లలో వస్తువు పారేస్తే తిడతాం, అందుకే పిల్లలు పిడిని వదలకుండా గొడుగు వెంట రోడ్డు మీదికి పరిగెడతారు. ఈ ఒక్క చోట పౌండ్ల లెక్క మర్చిపోండి. చెట్లు ఊగే గాలిలో అసలు గొడుగు తియ్యకండి.

బయటికి వెళ్లినప్పుడు రోడ్డు వైపు మీరుండి, మీ వైపున్న పాప చేతిని పట్టుకోండి. గొడుగు తన రెండో చేతిలో. మీరు మాత్రం టోపీ కోటు వేసుకోండి, మీకూ గొడుగుంటే దాని అంచు నీళ్లన్నీ సరిగ్గా పాప మీదే కారతాయి.

ఇంటికొచ్చాక గొడుగుని తెరిచే ఉంచి టబ్బులో ఆరబెట్టండి. తడిగా చుట్టేస్తే ప్లాస్టిక్ ఒకదానికొకటి అంటుకుని మర్నాడు తెరిచేటప్పుడు చిరుగుతుంది, ఊచలు తుప్పుపడతాయి. నెలకోసారి బుడిపెలు లెక్కపెట్టండి, పాపకి అంకెలు కూడా వస్తాయి. ఒక్కటి ఊడినా ఆ ఊచ కొస పక్కనున్న పిల్లల కంటి ఎత్తులో ఉంటుంది. టేపు చుట్టి సరిపెట్టకండి, కొత్తది కొనండి.