మన్యం కథల్లో నిజమెంత? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: రంప తిరుగుబాటు కల్లు కోసం జరిగిందని ఒకచోట, అల్లూరి సీతారామరాజు నడిపించారని ఇంకోచోట చదివాను. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నిజమే. అవి వేర్వేరు పోరాటాలు. మొదటిది 1879లో, రెండోది 1922లో మొదలయ్యాయి. రాజుగారు పుట్టిందే 1897లో.

మొదటిదాన్ని కల్లు గొడవ అని తీసిపారేయడం అన్యాయం. గింజలు నిండుకునే ఎండాకాలంలో కొండమీద జీలుగుకల్లే ఇంటిల్లిపాదికీ ఆహారం. కొత్త ఆబ్కారీ నిబంధనలు ఇంటి అవసరానికి గీసుకోవడాన్ని కూడా ఆపేసి, కల్లు రాబడిని గుత్తకిచ్చాయి. గుత్తదారు మొదలుపన్ను అడిగితే, దానిమీద రంప కొండప్రాంతాన్ని ఏలే మన్సబుదారు చిగురుపన్ను వేశాడు. అంటే తమ చెట్టుకు తామే ఇద్దరికి కప్పం కట్టాలి. ఇది చాలదన్నట్టు మైదానపు వ్యాపారులు కోర్టుల్లో ఏకపక్ష డిక్రీలు, అంటే అవతలివాళ్ల మాట వినకుండా ఇచ్చే తీర్పులు, తెచ్చుకుని, చిన్న అప్పుకే పశువుల్ని తోలుకుపోయేవాళ్లు. తిరగబడక ఏం చేస్తారు?

ప్రశ్న: పోడు అంటే అడవిని తగలబెట్టడమే కదా, నిషేధిస్తే తప్పేమిటి?

జవాబు: పోడు ఎలా చేస్తారో చూస్తే ఆ మాట అనలేం. చలి తగ్గే రోజుల్లో ఏటవాలు మీద తుప్పలు, చిన్న చెట్లు కొడతారు. ఇప్ప, చింత, జీలుగులాంటి పనికొచ్చే చెట్లు ఉంచేస్తారు. కొట్టినదాన్ని ఎండబెట్టి, తొలకరికి ముందు కాలుస్తారు. వాన పడగానే ఆ బూడిదలో చోడి, సామ, కంది కలిపి చల్లుతారు, లేదా మొనదేలిన కర్రతో గుంటలు చేసి వేస్తారు. నాగలి పెట్టరు కాబట్టి మట్టి కదలదు. రెండు మూడేళ్లు పండించి ఆ నేలచెక్కను ఏళ్ల తరబడి వదిలేస్తే, అడవి మళ్లీ లేస్తుంది.

ఆ విరామం తగ్గితేనే చేటు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు హద్దులు పడ్డాయి, తిరగడానికి చోటు కుంచించుకుపోయింది. నేల బలం పుంజుకోకముందే అదే చెక్కకు తిరిగొస్తే దిగుబడి పడిపోతుంది, వానకు మట్టి కొట్టుకుపోతుంది. అప్పుడు నింద పోడు మీద పడుతుంది!

ప్రశ్న: రాజుగారి దళం దాడికి ముందే 'మిరపకాయ టపా' పంపేదంటారు. నిజమేనా?

జవాబు: బాణానికి ఉత్తరం, మిరపకాయలు కట్టి ఠాణాకు పంపేవారన్నది జనం నోట బతికిన కథ. అయితే అన్ని దాడులకూ దాన్ని అంటగట్టకండి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలు వరసగా పడ్డాయి. దొరికినవి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు. పోలీసులు తేరుకోకముందే జరిగింది కాబట్టే అన్ని ఆయుధాలు చిక్కాయి. అక్టోబరులో అడ్డతీగల ఠాణాకు వెళ్లేసరికి మాత్రం పోలీసులు ఆయుధాల్ని ముందే తప్పించేశారు. ముందుగా చెప్పి రావడంలో ధైర్యం ఉంది, నష్టమూ ఉంది. ఊళ్లో పెద్దవాళ్లు ఈ కథ చెబుతుంటే, ఏ ఠాణా గురించో, ఏ నెలలో జరిగిందో కూడా అడిగి రాసుకోండి.

ప్రశ్న: రాజుగారు తప్పించుకుని బతికారంటారు కదా?

జవాబు: లేదు. 1924 మే 7న కొయ్యూరులో కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఆయన అనుచరుడు గాం మల్లుదొర మాత్రం బతికి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.