బృంద వైద్య సంప్రదింపుకు వెళితే భయం పెరుగుతుందా?

అమ్మగారికీ పిన్నిగారికీ రొమ్ము క్యాన్సర్ వచ్చిందనీ, మీకు బీఆర్‌సీఏ1 అనే జన్యువులో మార్పు ఉందని తేలిందనీ, చెన్నైలో మీ డాక్టరుగారు సూచించిన బృంద సంప్రదింపులో, అంటే ఒకే సమస్య ఉన్న కొందరిని డాక్టరు కలిపి చూసేచోట, ఇతరుల అనుభవాలు వింటే ఆందోళన ఎక్కువవుతుందేమోననీ రాశారు. ఒక్కసారైనా వెళ్లి చూడండి. ఈ జన్యుమార్పు ఉన్న స్త్రీలలో 80 ఏళ్ల వయసులోపు రొమ్ము క్యాన్సర్ ముప్పు సుమారు 70 శాతం. అంత పెద్ద అంకెను ఒంటరిగా మోయడం ఎంత కష్టమో, ఏటేటా ఎమ్మారై, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) చేయించుకుంటూ, ముందుజాగ్రత్త శస్త్రచికిత్స గురించి ఆలోచిస్తున్న తోటి స్త్రీలకే బాగా తెలుస్తుంది. పైగా మీరు అడగడానికి మొహమాటపడే ప్రశ్నను వారిలో ఒకరు అడిగితే, ఆ జవాబు మీకూ దక్కుతుంది. మీ రిపోర్టు వివరాలు అందరి ముందూ చెప్పడం ఇష్టం లేదని ముందే తెలియజేయండి. చర్చ తమిళంలో సాగేటట్లయితే, తెలుగు వచ్చిన కౌన్సెలరు ఉన్నారేమో అడగండి. నిద్ర పట్టని రాత్రులు ఇలాగే కొనసాగితే మాత్రం ఇది ఒక్కటే చాలదు. మానసిక వైద్యులను విడిగా కలవడంలో ఆలస్యం చేయకండి.