సప్తమంలో రాహువు ఉంటే పెళ్లి ఆగుతుందా?

ప్రశ్న: మా అమ్మాయిది మిథున లగ్నం, ఏడింట, అంటే పెళ్లిని చూసే ఏడో స్థానంలో, రాహువు. సంబంధాలు కుదిరినట్టే కుదిరి తప్పిపోతున్నాయి. శ్రీకాళహస్తిలో పూజ చేయిస్తే చాలంటున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, ముందు పుట్టిన టైము సరిచూసుకోండి. లగ్నం, అంటే పుట్టిన వేళకు తూర్పున ఉదయించే రాశి, సుమారు రెండు గంటలకోసారి మారుతుంది. లగ్నం రాశి చివర, 29వ భాగలో (డిగ్రీలో) ఉంటే నాలుగైదు నిమిషాల తేడాకే రాహువు ఆరో ఇంటికి జరిగిపోతాడు. అప్పుడు ఈ బెంగే అక్కర్లేదు.

టైము సరైనదే అయితే, ఏడింట రాహువంటే లగ్నంలో కేతువు ఉన్నట్టే; ఇద్దరూ ఎప్పుడూ 180 భాగల ఎడంలోనే ఉంటారు. రాహువుకు సొంతిల్లు ఉందా లేదా అన్నదానిపై పండితులకే ఏకాభిప్రాయం లేదు, కాబట్టి రాహువున్న రాశి అధిపతిని చూడాలి. ఇక్కడ ఏడో ఇల్లు ధనుస్సు, అధిపతి గురువు. గురువు మేషంలోగానీ మిథునంలోగానీ సింహంలోగానీ ఉంటే ఆయన దృష్టి ఏడింటి మీద పడుతుంది, దోషం చాలావరకు తగ్గినట్టే. మకరంలో నీచపడితే, అంటే బలహీనపడితే, ఆలస్యం చెప్తారు. ఆలస్యమేగానీ పెళ్లే లేదని కాదు. శుక్రుణ్ణీ, నవాంశనూ (రాశిని తొమ్మిది భాగాలు చేసి వేసే చక్రం), నడిచే దశనూ (ఒక్కో గ్రహం వంతుకు వచ్చే కాలం) చూడకుండా ఒక్క రాహువును పట్టుకుని భయపెట్టేవాళ్ల మాట పక్కనబెట్టండి. రాహు మహాదశే 18 ఏళ్లు, అన్నేళ్లూ ఆగుతామా?

కాళహస్తి మీకు దగ్గరే, భక్తితో వెళ్లిరండి. దానికోసం వచ్చిన సంబంధాన్ని మాత్రం ఆపొద్దు.