ఉగాదికి అమరిల్లిస్ పూయాలంటే ఇప్పుడే నీళ్లు ఆపాలి

అమ్మలూ,

ఫోటోలు చూశాను. శ్రీనగర్‌లో ఆ తులిప్ తోట చూసొచ్చాక మీ మారతహళ్లి బాల్కనీలో కూడా అలాంటి పూలు పూయించాలని ఎవరికైనా అనిపిస్తుంది. నేనూ ఆ ఆశతోనే ఒకసారి డజను దుంపలు తెప్పించాను. ఆర్డర్ పెట్టే ముందు ఇది చదువు.

తులిప్, డాఫోడిల్, హయసింత్ బాగా పూయాలంటే వాటి దుంపలకు దాదాపు 12 నుంచి 16 వారాలు గట్టి చలి తగలాలి, అదీ 9 డిగ్రీల లోపు. బెంగళూరులో జనవరి రాత్రులు కూడా మామూలుగా 15 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. ఆ లోటు ఫ్రిజ్‌తో తీరుద్దామని దుంపల్ని కూరల అరలో పెట్టాను. పక్కనే ఆపిల్స్ ఉన్నాయి. పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు దుంపలోని మొగ్గ చచ్చిపోతుందని నాకప్పుడు తెలియదు. నాటాక ఆకులొచ్చాయి, ఒక్క పువ్వు రాలేదు. చాలా బాధేసింది. అన్నీ సరిగ్గా చేసినా మన దగ్గర అవి ఒక్క సీజన్ ముచ్చటే.

మన ఊళ్లో హాయిగా బతికే దుంపలు వేరే ఉన్నాయి. చలి లేకపోయినా, కొన్నాళ్లు నీళ్లు ఆపితే చాలు, నిద్రపోతాయి, లేచాక పూస్తాయి. పోయినేడు నేనిచ్చిన అమరిల్లిస్ కుండీలు పచ్చగానే ఉన్నాయి కానీ పూయలేదన్నావు కదా, రోజూ నీళ్లు పోస్తున్నావు, అందుకే. పాపం, దానికి పడుకునే వీలే దొరకలేదు.

ఇప్పుడు నవంబర్. ఈ నెలాఖరు నుంచి వాటికి నీళ్లు పూర్తిగా మానేయి. తుపాను వానలు పడితే కుండీలు లోపలికి జరుపు. ఆకులు పండి వాలిపోతాయి, కంగారు పడకు. ఫిబ్రవరి మొదట్లో దుంప బయటికి తీసి, కుళ్లిన వేర్లు, ఎండిన ఆకులు తీసేసి మళ్లీ నాటు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక గుప్పెడు వేపపిండి. కుండీ దుంప కన్నా కాస్త పెద్దదైతే చాలు. దుంప మెడ, భుజాలు మట్టి పైన కనిపించాలి. పూర్తిగా పూడ్చేస్తే కుళ్లుతుంది, నావి రెండు అలాగే పోయాయి. నాటినప్పుడు ఒకసారి తడిపి, పూల కాడ కనిపించేదాకా నీళ్లు చాలా తక్కువగా పోయాలి. ఉగాది దగ్గరికొచ్చేసరికి పూలు చూస్తావు. పూలు వాడాక కాడ మాత్రం కోయి. ఆకుల జోలికి వెళ్లకు, వచ్చే ఏటి పువ్వుకు బలం వాటి నుంచే రావాలి.

ఫుట్‌బాల్ లిల్లీ కూడా ఒక కుండీ పెట్టుకో. చలికాలంలో అది తనంతట తానే మాయమైపోతుంది. ఖాళీ కుండీ అనుకుని పారేయొద్దని పనమ్మాయికి చెప్పు. ఏప్రిల్, మే నెలల్లో తొలి వానలకు ఎర్రటి బంతిలా లేస్తుంది. రెయిన్ లిల్లీ అయితే ఇంకా తేలిక. రెండు వారాలు ఎండనిచ్చి ఒకసారి బాగా తడిపితే కొన్ని రోజుల్లో పూస్తుంది. లిల్లీ పూలు, అదే ఇక్కడ సుగంధరాజ అంటారే, దానికి రోజంతా ఎండ కావాలి. మీ తూర్పు బాల్కనీకి అది సరిపోదు, వదిలేయి.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకు. అమరిల్లిస్, ఫుట్‌బాల్ లిల్లీ దుంపలు విషం. చూడ్డానికి అచ్చం ఉల్లిగడ్డల్లా ఉంటాయి. బాబు ఇప్పుడు దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసులో ఉన్నాడు. కుండీలు ఎత్తులో పెట్టు, తీసిన దుంపలు వంటింట్లో అసలు పెట్టకు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం జయనగర్ రా. నా కుండీలు విప్పేది అప్పుడే, పిల్ల దుంపలు విడదీసి ఇస్తాను. గుడ్డసంచి తెచ్చుకో, ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పట్టి బూజొస్తుంది.

మీ పెద్దమ్మ