ఆ పుస్తకం కొన్నాళ్ళు పక్కన పెట్టండి

ప్రశ్న: డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి, ఈమధ్యే ఒక కంపెనీ అకౌంట్స్ సెక్షన్‌లో చేరాను. పని వచ్చు, లెక్క తప్పదు. మీటింగ్‌లో కూర్చుంటే మాత్రం సగం మాటలు అందవు. బిజినెస్ ఇంగ్లిష్ పుస్తకం కొని రోజుకు పదేసి మాటలు అర్థాలతో సహా బట్టీ పడుతున్నాను. వారం తిరిగేసరికి సగం పోతున్నాయి. గుర్తున్నవి కూడా మెయిల్ రాసేటప్పుడు చేతికి రావు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, పారేయమనను గానీ ఆ పుస్తకం కొన్నాళ్ళు పక్కన పెట్టండి. అందులో సేల్స్ వాళ్ళ మాటలు, లాయర్ల మాటలు, ఫ్యాక్టరీ మాటలు అన్నీ ఒకే వరసలో ఉంటాయి. మీకు రేపు పొద్దున కావలసినవి మీ ఇన్‌బాక్స్‌లోనే ఉన్నాయి. పోయిన నెల మెయిళ్ళు తెరవండి. మీ మేనేజర్ రాసినవి, ఆడిటర్లు రాసినవి చదవండి. ఒకసారి కనబడి పోయిన మాటను వదిలేయండి. మళ్ళీ మళ్ళీ ఎదురయ్యేదాన్నే నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. రీకన్సైల్ (రెండు లెక్కలు సరిపోల్చడం), వేరియన్స్ (అనుకున్నదానికీ అయినదానికీ తేడా), అక్రూవల్ (డబ్బు చేతులు మారకముందే లెక్కలో చూపే ఖర్చు లేదా రాబడి), రైట్ ఆఫ్ (ఇక రాని బాకీని లెక్కలోంచి కొట్టేయడం)... మీ సెక్షన్‌లో తిరిగే సరుకు ఇదే.

పుస్తకం అర్థాన్ని గుడ్డిగా నమ్మితే ఇంకో చిక్కుంది. ‘అవుట్‌స్టాండింగ్’ అంటే ‘అత్యుత్తమం’ అని అందులో ఉండొచ్చు. అకౌంట్స్ మెయిల్‌లో ‘అవుట్‌స్టాండింగ్ అమౌంట్’ అంటే ఇంకా వసూలు కాని బాకీ. దాన్ని మెచ్చుకుంటూ జవాబిచ్చారంటే ఆ పూటకి సెక్షన్ అంతా నవ్వుకుంటుంది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను కొత్తవాళ్ళ డ్రాఫ్టులు దిద్దాను. మాట తెలియక తప్పు రాసినవాళ్ళు తక్కువ. తెలిసిన మాటకే తప్పు క్రియ తగిలించినవాళ్ళు ఎక్కువ. డెడ్‌లైన్ అంటే ఏమిటో మీకు తెలుసు. కానీ దాన్ని ‘మీట్’ అవుతామని, కుదరకపోతే ‘ఎక్స్‌టెండ్’ చేయమని అడుగుతామని తెలిస్తేనే వాక్యం నడుస్తుంది. ఇన్‌వాయిస్‌ను రెయిజ్ చేస్తారు, పేమెంట్‌ను రిలీజ్ చేస్తారు, ఎంట్రీని పోస్ట్ చేస్తారు, తప్పుంటే రివర్స్ చేస్తారు. జె. ఆర్. ఫర్త్ అనే బ్రిటిష్ భాషా శాస్త్రవేత్త 1957లోనే చెప్పాడు, మాటను దాని సావాసాన్ని బట్టే తెలుసుకోవాలని. అందుకే మాట ఒక్కదాన్నే రాసుకోకండి, అది వచ్చిన వాక్యాన్ని మొత్తం దించుకోండి. కస్టమర్ పేరు, అంకెలు మాత్రం తీసేయండి. ఆఫీసు సమాచారం మీ సొంత నోట్‌బుక్‌లో ఉండకూడదు.

ఆ నోట్‌బుక్‌లో ఎడమ పేజీ మీద సందర్భం తెలుగులో రాయండి: ‘బిల్లుకూ ఆర్డరుకూ లెక్క కుదరలేదు, ఇంకోసారి చూడమని అడగాలి’. కుడి పేజీలో మెయిల్ నుంచి దించిన ఇంగ్లిష్ వాక్యం ఉంటుంది. కుడి పేజీ మూసి, సందర్భం చూసి, వాక్యం పైకి అనండి. మీరు ఇప్పటిదాకా ఇంగ్లిష్ మాట చూసి తెలుగు అర్థం చెప్పడమే సాధన చేశారు. మెయిల్ రాసేటప్పుడు జరగాల్సింది దానికి తలకిందులు. చేతికి రాకపోవడానికి కారణం అదే.

ఇక మరపు సంగతి. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పరిశోధకుడు అర్థంలేని అక్షరాల గుంపులను తానే బట్టీ పట్టి, ఎంత త్వరగా మరిచిపోతున్నాడో లెక్కగట్టాడు. 1885లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం మరపు మొదటి గంటల్లోనే వేగంగా సాగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. మీ పది మాటలూ మీ పనితో సంబంధం లేనప్పుడు ఆ అక్షరాల గుంపులతో సమానమే. కాబట్టి రోజుకు రెండు మూడు చాలు. ఆ సాయంత్రం ఒకసారి, మర్నాడు ఒకసారి, నాలుగైదు రోజులాగి ఇంకోసారి చూడండి. సెబాస్టియన్ లైట్నర్ అనే రచయిత 1972లో ప్రచారంలోకి తెచ్చిన కార్డుల పెట్టె పద్ధతి కూడా ఇలాంటిదే: గుర్తున్న కార్డు ఆలస్యంగా చూసే పెట్టెలోకి వెళ్తుంది, మరిచిపోయిన కార్డు మొదటి పెట్టెకు తిరిగొస్తుంది. ఫోన్ యాప్‌లు చాలావరకు చేసేది అదే. యాప్ వాడినా వాడకపోయినా, ఆ వారంలోనే కొత్త వాక్యాన్ని సొంత మెయిల్‌లో ఒక్కసారైనా పెట్టండి.

మీటింగ్‌లో అర్థం కాకపోతే అడగండి. కొత్తగా చేరినవాళ్ళు అడిగితే ఎవరూ తప్పు పట్టరు, రెండేళ్ళ తర్వాత అడగడమే కష్టం. ‘ఇక్కడ ఈ మాటను ఏ అర్థంలో వాడుతున్నాం?’ అంటే సరిపోతుంది. ఇంగ్లిష్‌లోనే పుట్టి పెరిగినవాళ్ళకూ ఈ తిప్పలుంది. ఒక విషయాన్ని ‘టేబుల్’ చేయడం అంటే బ్రిటన్‌లో చర్చకు తేవడం, అమెరికాలో వాయిదా వేయడం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇరు దేశాల అధికారులు ఈ మాట మీదే చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ రాశాడు.

ప్రశ్న: మా టీమ్‌లో అందరూ ‘టచ్ బేస్’, ‘లూప్ ఇన్’, ‘బ్యాండ్‌విడ్త్ లేదు’ అంటుంటారు. నేనూ అలా మాట్లాడకపోతే వెనకబడినట్టేనా?

జవాబు: లేదు బాబూ. వినగానే అర్థమైతే చాలు: ఒకసారి మాట్లాడుకుందాం, ఫలానావాళ్ళకూ తెలియజేద్దాం, నాకు తీరిక లేదు. వీటిలో ‘లూప్ ఇన్’ ఒక్కటి పొట్టిగా ఉంటుంది కాబట్టి పనికొస్తుంది, వాడుకోండి. మిగతా రెండూ నేనైతే వాడను. ముఖ్యంగా కంపెనీ బయటివాళ్ళకు రాసే ఉత్తరాల్లో పెట్టకండి. అవతలివాళ్ళకు ఇంగ్లిష్ మీ అంతే వచ్చి ఉండొచ్చు, తీరిక లేదని సూటిగా రాస్తే వాళ్ళు ఇంకోసారి ఫోన్ చేసి అడగాల్సిన పని ఉండదు.