తెర వెనుక గొంతు: రికార్డు చేసిన శబ్దాలతో ఒపెరా

ప్రశ్న: నేను తిరుపతిలో కర్ణాటక గాత్రం నేర్చుకుంటున్నాను. చిత్తూరులో ఉండే నా స్నేహితుడు కంప్యూటరు మీద సంగీతం కూరుస్తాడు. పాశ్చాత్య ఒపెరాలు (కథంతా పాటగా నడిచే సంగీత నాటకాలు) విని ముగ్ధులమైన మేమిద్దరం తిరుపతి గ్రామదేవత గంగమ్మ కథ ఆధారంగా, రికార్డు చేసిన శబ్దాలతో ఇరవై నిమిషాల ఎలక్ట్రానిక్ కృతి ఒకటి చేయాలని తలపెట్టాము. డప్పులు, గుడిగంటలు, బస్టాండు రద్దీ, నా ఆలాపనలు చాలానే పోగయ్యాయి. కానీ వాటిని పేర్చి వింటే ఒపెరా అన్న భావన కలగడం లేదు. లోపం ఎక్కడుంది? ఇద్దరం పని ఎలా పంచుకోవాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ దగ్గర శబ్దాలు ఉన్నాయి గానీ పాత్రలు లేవు. 1607లో ఇటలీలోని మాంటువా నగరంలో స్వరకర్త మోంటెవెర్డి గ్రీకు గాయకుడు ఓర్ఫియస్ కథతో ‘ఓర్ఫెయో’ ప్రదర్శించిన నాటి నుంచి ఒపెరాకు ప్రాణం ఒక్కటే: పాత్ర పడే సంకటమంతా దాని గొంతులోనే వినిపించాలి. అందువల్ల కొత్త శబ్దాల వేట కొన్నాళ్లు ఆపి, ఇద్దరూ ఒకచోట కూర్చుని రెండు పేజీల కథాపాఠం రాసుకోండి. ఏ శబ్దం ఎవరు, అది ఎవరిని వెతుకుతోంది, ఎవరికి భయపడుతోంది అన్నది అందులో తేలాలి.

మీరు ఎంచుకున్న కథ ఈ పనికి ఎంతగా తగినదో బహుశా మీరే పూర్తిగా గమనించి ఉండరు. దాక్కున్న పాలెగాడిని (స్థానిక పాలకుడిని) వెతుకుతూ గంగమ్మ బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం వేసి, చివరకు దొర వేషంలో వాడిని సంహరిస్తుంది. వేషం మార్చడమే ఈ కథకు ఇరుసు, ఎలక్ట్రానిక్ సంగీతం చేసే పనీ అదే. కాబట్టి మీరు పాడిన ఒకే ఒక్క పల్లవిని గంగమ్మగా నిర్ణయించుకుని, ప్రతి వేషాన్నీ ఆ పల్లవి నుంచే పుట్టించండి. బైరాగి వేషంలో అక్షరాలు తీసేసి ఊపిరి మాత్రమే మిగల్చవచ్చు. జాతరలో తిట్లు వినిపించే బండ వేషానికి అదే పల్లవిని ముక్కలు చేసి విసిరినట్టు వినిపించవచ్చు. తోటి వేషానికి ఒక స్థాయి కిందికి దించవచ్చు. దొర వేషం వచ్చేసరికి ఏ మార్పూ లేని మీ సొంత గొంతు, మైకుకు దగ్గరగా, ప్రతిధ్వని లేకుండా రావాలని నా సలహా. అంతవరకు అనుమానిస్తూ వచ్చిన శ్రోత అప్పుడు ఆమెను గుర్తుపడతాడు. జాతరకు ముందు ఊళ్లో వేసే చాటింపు ఎలాగూ ఉంది కనుక, ఒపెరా మొదట్లో వచ్చే తొలిపలుకు సంగీతం కోసం మీరు వేరే వెతుక్కోనక్కరలేదు.

ఇక ప్రవేశాల సంగతి. చిత్తూరు ప్రాంతపు పల్లెల్లో భారతం ఉత్సవాలప్పుడు రాత్రిళ్లు ఆడే వీధినాటకాన్ని మీ స్నేహితుడు చూసే ఉంటాడు. ఇద్దరు తెర పట్టుకుని నిలబడితే, వేషధారి ఆ తెర వెనుక నుంచి తన దరువు పాడుకుంటూ వస్తాడు, జనం ముందు గొంతు విని, తరువాతే రూపం చూస్తారు. పైథాగరస్ శిష్యులు గురువును చూడకుండా తెర ఇవతల కూర్చుని పాఠం వినేవారన్న పురాతన గాథను, ఫ్రాన్సులో రికార్డు శబ్దాల సంగీతానికి ఆద్యుడైన పియెర్ షేఫర్ తన సిద్ధాంతానికి ఆధారం చేసుకున్నాడు. శబ్దం పుట్టే వస్తువు కంటికి కనబడనప్పుడు చెవి ఆ శబ్దాన్నే పట్టి చూస్తుందని ఆయన భావన. మీ లౌడ్ స్పీకర్లు కూడా అలాంటి తెరలే. కనుక ప్రతి ముఖ్య శబ్దాన్నీ మొదటిసారి ఒంటరిగా, శ్రోత దానితో పరిచయం పెంచుకునేంతసేపు వినిపించండి. డప్పు, గంట, బస్సు, గొంతు మొదటి నిమిషంలోనే కలిసి వస్తే ఎవరు ఎవరో తెలియదు. మీ కృతిలో ఇప్పుడు జరుగుతున్నది ఇదేనని నా అనుమానం.

షేఫర్ 1948లో ఫ్రెంచి రేడియోలో వినిపించిన తొలి రచనల్లో ఒకటి పూర్తిగా రైలు శబ్దాలతో కట్టినది. గంట మోగినప్పుడు తొలి దెబ్బను కోసేసి, తరువాతి నాదాన్ని మాత్రమే వినిపిస్తే అది గంటలాగే ఉండదని, ఊదే వాద్యంలా మారిపోతుందని కనిపెట్టినవాడు కూడా ఆయనే. ఈ ప్రయోగం మీరు ఒక్క సాయంత్రంలో చేసి చూడవచ్చు, తప్పక చేయండి. ఆయన మరో స్వరకర్త పియెర్ ఆన్రీతో కలిసి మోంటెవెర్డి వాడిన ఓర్ఫియస్ కథనే తీసుకుని, గాయకుల పాటకు టేపు శబ్దాలు జోడించి చేసిన ఒపెరాను 1953లో జర్మనీలోని డోనౌఎషింగెన్‌లో ప్రదర్శించినప్పుడు శ్రోతలు తీవ్రంగా నిరసించారు. అయినా ఆ దారి మూసుకుపోలేదు. 1956లో జర్మన్ స్వరకర్త స్టాక్‌హౌజెన్ కొలోన్ నగరంలో ఒక బాలుడి గొంతును ఎలక్ట్రానిక్ ధ్వనులతో కలిపి, మాటలు స్పష్టంగా అర్థమయ్యే స్థితి నుంచి బొత్తిగా అర్థం కాని స్థితి వరకు మెట్లుమెట్లుగా నడిపాడు. మాట ఎప్పుడు తెలియాలి, ఎప్పుడు తెలియకూడదు అన్నదే నాటకంగా మారగలదని ఆ రచన చూపింది. మీ వేషాలకు నేరుగా పనికివచ్చే పాఠం ఇది.

ఒపెరాలో కథను నడిపే మాటల పాట వేరు, కథ ఆగి మనసు విప్పుకునే పాట వేరు. మన పద్యనాటకంలో వచనం పూర్తయ్యాక నటుడు పద్యం చివర రాగం తీసేటప్పుడు కాలం నిలిచిపోతుంది కదా, అదే తేడా. వేగం సగానికి తగ్గిస్తే నిడివి రెట్టింపై, శ్రుతి ఒక స్థాయి దిగడం పాత టేపు పద్ధతి. ఇప్పుడు కంప్యూటరులో శ్రుతి మారకుండానే నిడివి సాగదీయవచ్చు. ఈ సాగదీతను కథ ఆగే చోట్లకే దాచుకుని, కథ నడిచే చోట శబ్దాలను పొడిగా, పొట్టిగా ఉంచండి. అంతటా సాగదీస్తే ఎక్కడా ఏదీ ఆగినట్టు అనిపించదు.

పని పంచుకోవడంలో మీరు గాయనిగా, ఆయన సాంకేతికుడిగా విడిపోవడం నాకు నచ్చదు. మీ గొంతును ఎక్కడ కోయాలో నిర్ణయించే హక్కు మీకు లేకపోతే అది కలిసి చేసిన కృతి కాదు. ఒక దృశ్యాన్ని మీరు కట్టి ఆయనకు పంపండి, ఆయన దానినే ముడిసరుకుగా తీసుకుని తరువాతి దృశ్యం కట్టి తిరిగి పంపాలి. ఎదుటివారు పంపినదాంట్లో కనీసం ఒక్క శబ్దాన్నైనా మార్చకుండా ఉంచాలన్న నియమం పెట్టుకుంటే మాట పట్టింపులు తగ్గుతాయి.

ప్రశ్న: మంచి రికార్డరు లేదు. ఫోనులో రికార్డు చేసి ఒకరికొకరు పంపుకుంటే సరిపోతుందా?
– మరో పాఠకుడు, చిత్తూరు

జవాబు: సరిపోతుంది. ఫోనులో నాయిస్ తగ్గించే సదుపాయాన్ని, శబ్దస్థాయిని తనంతట తానే హెచ్చుతగ్గులు చేసే ఏర్పాటును ఆపగలిగితే ఆపండి, లేకపోతే డప్పు దెబ్బ నలిగిపోతుంది. వేవ్ ఫైలుగా, ఇద్దరూ ఒకే కొలతలో, అంటే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఉంచుకోండి. గరిష్ఠ స్థాయి మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంటే చాలు. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపితేనే ఫైలు యథాతథంగా చేరుతుంది. సగం కట్టిన దృశ్యాన్ని పంపేటప్పుడు ప్రతి పొరనూ సున్నా సెకను నుంచి మొదలయ్యేలా విడిగా ఎగుమతి చేస్తే, అవతలివారి దగ్గర అన్నీ సరిగ్గా ఒకదానిపై ఒకటి కూర్చుంటాయి. ఉచితంగా దొరికే ఆడాసిటీ ఈ పనికి చాలును. తిరుమల ఆలయంలోకి ఫోన్లు అనుమతించరు కనుక అక్కడి గంట మాట మరచిపోయి, మీ ఊరి గుడిలో పూజారి గారి అనుమతి తీసుకుని రికార్డు చేసుకోండి.

ప్రశ్న: పాత ఒపెరా రికార్డుల నుంచి కొన్ని సెకన్లు వాడుకోవచ్చా? కృతికి ఎవరి పేరు వేయాలి?
– తిరుపతి పాఠకురాలే

జవాబు: 1901లో మరణించిన ఒపెరా స్వరకర్త వెర్డీ స్వరరచనపై ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు, కానీ ఆ పాటను పాడి చేసిన రికార్డింగు హక్కు వేరు. మన చట్టంలో రికార్డింగుకు ప్రచురణ తరువాత 60 ఏళ్లు, ప్రదర్శించినవారికి 50 ఏళ్లు రక్షణ ఉంది. కొన్ని సెకన్లే కదా అని తీసుకోవడం క్షేమం కాదు. అంతకన్నా ముఖ్యంగా, ఒపెరా నుంచి దాని కట్టడాన్ని తీసుకుని, గొంతును మీ ఊరి నుంచే తీసుకోమని నా కోరిక. పేరు విషయంలో నాకు సందేహం లేదు. 1958లో ఇటలీ స్వరకర్త బేరియో చేసిన ఒక ప్రసిద్ధ టేపు రచనకు ముడిసరుకంతా గాయని కాథీ బెర్బేరియన్ గొంతే, అయినా స్వరకర్తగా నిలిచినది ఆయన ఒక్కడి పేరే. మీ కృతిపై ఇద్దరి పేర్లూ స్వరకర్తలుగానే ఉండాలి. డప్పు వాయించినవారి పేర్లు కూడా వేసి, వారి అంగీకారం కాగితం మీద తీసుకోండి. ఒకరు తప్పుకుంటే రెండోవారు ఆ శబ్దాలను ఎంతవరకు వాడుకోవచ్చో కూడా ఆ కాగితంలోనే, పని మొదలుపెట్టే ముందే రాసుకోవాలి.